పెన్సిల్‌తో రాసిన అర్జీ

ఈ సంచికకి ఎవరైనా ఒక ప్రముఖ వ్యక్తి జీవితం రాయమని మన క్లబ్ వాళ్ళు అడిగారు. కలాం గారి గురించి ఎలాగూ నలుగురు రాస్తారు, విశ్వేశ్వరయ్య గారి గురించి ఇంకో ఇద్దరు. నేను ఒక దొంగ గురించి రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నా, నాకు లా తెలీదు. నాది ట్రిపుల్ ఈ, థర్డ్ ఇయర్. కోర్టు అంటే నాకు తెలిసింది సినిమాల్లో సుత్తి కొట్టి ఆర్డర్ ఆర్డర్ అనే జడ్జి గారే. మన కోర్టుల్లో అసలు సుత్తే ఉండదని కూడా ఈమధ్యే తెలిసింది.

అతని పేరు క్లారెన్స్ ఎర్ల్ గిడియన్. ఆ పేరు మొదటిసారి విన్నది సెకండియర్‌లో, రాజ్యాంగం క్లాసులో. తెలుసుగా, క్రెడిట్లు లేని సబ్జెక్టు, అటెండెన్స్ కోసం వెళ్ళే క్లాసు. అదీ మధ్యాహ్నం భోజనం తర్వాత. మేడమ్ 39ఎ అధికరణం గురించి, అంటే పేదవాళ్ళకి ఉచిత న్యాయ సహాయం గురించి చెబుతూ, అమెరికాలో జైల్లో కూర్చుని పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి అర్జీ రాసిన ఖైదీ ఒకతను ఉన్నాడని ఒక్క వాక్యం చెప్పి ముందుకెళ్ళిపోయారు. నా నిద్ర ఎగిరిపోయింది. అప్పటికి రెండు నెలల క్రితమే మా చిన్న మావయ్య సబ్ జైలు నుంచి ఇంటికొచ్చాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

గిడియన్ 1910 ఆగస్టు 30న మిస్సోరీ రాష్ట్రంలో హానిబల్ అనే ఊళ్ళో పుట్టాడు. మార్క్ ట్వెయిన్ పెరిగిన ఊరది. కానీ ఇతని బాల్యంలో టామ్ సాయర్ అల్లర్ల లాంటివేమీ లేవు. మూడేళ్ళకే తండ్రి పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, పద్నాలుగేళ్ళకి ఇంట్లోంచి పారిపోయాడు. బట్టలు దొంగిలించి పిల్లల జైలుకి వెళ్ళాడు. బయటికొచ్చి చెప్పుల ఫ్యాక్టరీలో చేరాడు. పద్దెనిమిదేళ్ళకి మళ్ళీ దొంగతనం, ఈసారి పదేళ్ళ శిక్ష, మూడేళ్ళకి విడుదల. అది అమెరికాలో మహా మాంద్యం రోజులు, ఎక్కడా పని లేదు. మళ్ళీ దొంగతనం, మళ్ళీ జైలు. మధ్యలో ఒకసారి జైలు నుంచి పారిపోయాడు కూడా. అలా నలభై ఏళ్ళు వచ్చేసరికి సగం యవ్వనం జైళ్ళలోనే అయిపోయింది. తర్వాత క్షయ పట్టుకుంది. ఫోటోల్లో చూస్తే యాభై ఏళ్ళకే డెబ్బై ఏళ్ళ మనిషిలా ఉంటాడు, బక్కపలచగా, జుట్టు నెరిసిపోయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, గిడియన్‌ని మహాత్ముణ్ణి చేసే ఉద్దేశం నాకు లేదు. అతను ఎవర్నీ కొట్టినవాడు కాదు, అంతే. చిన్నాచితకా దొంగ, పేకాటరాయుడు, కొన్నాళ్ళు బార్‌లో పని, కొన్నాళ్ళు ఎలక్ట్రీషియన్ పని. (మా బ్రాంచే అనుకోండి.) 1955లో నాలుగో పెళ్ళి చేసుకుని ఫ్లోరిడాలో పనామా సిటీ అనే ఊళ్ళో స్థిరపడ్డాడు. ముగ్గురు పిల్లలు పుట్టారు.

1961 జూన్ 3 తెల్లవారుజామున ఆ ఊళ్ళో ఒక పూల్ రూమ్‌లో దొంగతనం జరిగింది. కిటికీ పగలగొట్టి ఎవరో లోపలికి దూరారు. సిగరెట్ మెషిన్‌లోంచి, పాటల పెట్టెలోంచి చిల్లర పోయింది, కొంచెం వైన్, బీరు పోయాయి. హెన్రీ కుక్ అనే కుర్రాడు, ఉదయం ఐదున్నరకి గిడియన్‌ని లోపల చూశానని, వైన్ సీసాతో బయటికొచ్చి ఫోన్ చేసి టాక్సీ ఎక్కి వెళ్ళాడని పోలీసులకి చెప్పాడు. పట్టుకుంటే గిడియన్ జేబుల నిండా చిల్లర నాణేలు. ఇంకేం కావాలి, పాత నేరస్థుడు కూడానూ.

ఆగస్టు 4న విచారణ. గిడియన్ లేచి, నా దగ్గర డబ్బు లేదు, నాకు లాయర్‌ని ఇప్పించండి అని జడ్జిని అడిగాడు. ఫ్లోరిడా చట్టం ప్రకారం ఉరిశిక్ష పడే కేసుల్లోనే ప్రభుత్వం లాయర్‌ని ఇస్తుంది, ఇందులో కుదరదన్నాడు జడ్జి. గిడియన్ ఊరుకోలేదు. నాకు లాయర్ హక్కు ఉందని సుప్రీంకోర్టే చెప్పింది కదా అన్నాడు.

ఇక్కడే నాకు భలే ఇష్టమైన విషయం ఉంది. అతను చెప్పింది తప్పు. సుప్రీంకోర్టు అలా చెప్పలేదు. 1932లో మరణశిక్ష కేసుల గురించి, 1938లో కేంద్ర ప్రభుత్వ కోర్టుల గురించి చెప్పింది. రాష్ట్రాల కోర్టుల్లో మామూలు కేసులకైతే 1942లో బెట్స్ అనే అతని కేసులో స్పష్టంగా కాదంది. ముద్దాయి చదువురానివాడో, మతిస్థిమితం లేనివాడో, అలాంటి ప్రత్యేక పరిస్థితి ఏదైనా ఉంటేనే లాయర్‌ని ఇవ్వాలంది. గిడియన్‌కి అదంతా తెలీదు. ఉండాల్సిన హక్కు ఉండే ఉంటుంది అనుకున్నాడు.

సరే, తన కేసు తనే వాదించుకున్నాడు. శాయశక్తులా ప్రయత్నించాడు కూడా. సాక్షుల్ని ప్రశ్నలడిగాడు, నేను నిర్దోషినని జ్యూరీకి చెప్పుకున్నాడు. కానీ ఏ ప్రశ్న ఎక్కడిదాకా లాగాలో తెలీదు. కుక్‌ని, నీకెప్పుడైనా శిక్ష పడిందా అని అడిగాడు, లేదన్నాడు కుక్, అక్కడితో వదిలేశాడు. టాక్సీ డ్రైవర్ వచ్చి, నన్ను ఎక్కించుకున్నట్టు ఎవరికీ చెప్పొద్దని గిడియన్ అన్నాడని చెప్పాడు. వింటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? దొంగ కాకపోతే అలా ఎందుకంటాడు అనిపిస్తుంది. జ్యూరీకీ అదే అనిపించింది. ఐదేళ్ళ శిక్ష.

జైలు నుంచి మొదట ఫ్లోరిడా సుప్రీంకోర్టుకి రాశాడు. ఒక్క ముక్క కారణం చెప్పకుండా కొట్టేశారు. అప్పుడు జైలు లైబ్రరీలో ఉన్న లా పుస్తకాలు తిరగేసి, జైలు వాళ్ళిచ్చే గీతల కాగితం మీద, పెన్సిల్‌తో, వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టుకి అర్జీ రాశాడు. కాగితం పైభాగంలో ఖైదీల ఉత్తరాలకి సంబంధించిన రూల్స్ అచ్చేసి ఉంటాయి, వాటి కింద ముత్యాల్లాంటి అచ్చు అక్షరాలు. ఆ కాగితం ఫోటో నెట్‌లో దొరుకుతుంది, చూడండి. అక్షరదోషాలున్నాయి, కానీ చెప్పదలుచుకున్నది ఒక్కటే, అది తిన్నగా చెప్పాడు. నేను లాయర్‌ని అడిగాను, ఇవ్వలేదు. 1962 జనవరి 8న అది కోర్టుకి చేరింది.

అలాంటి అర్జీలు ఆ కోర్టుకి ఏటా వందల్లో వస్తాయి, దాదాపు అన్నీ తిరిగిపోతాయి. ఇది తిరిగిపోలేదు. 1942 నాటి తీర్పు సరైనదేనా అని మళ్ళీ చూడాలని కొందరు జడ్జీలు అప్పటికే అనుకుంటున్నారు. సరిగ్గా ఆ సమయానికి, ఏ ప్రత్యేక పరిస్థితీ లేని, చదవడం రాయడం వచ్చిన, మామూలు తెల్లజాతి ముద్దాయి కేసు చేతికొచ్చింది. జూన్‌లో విచారణకి స్వీకరించారు. గిడియన్ తరఫున వాదించడానికి వాషింగ్టన్‌లో పెద్ద పేరున్న లాయర్ ఏబ్ ఫోర్టాస్‌ని కోర్టే నియమించింది, ఫీజు లేకుండా. మీ గురించి చెప్పండి అని ఫోర్టాస్ అడిగితే, జైలు నుంచి ఇరవై రెండు పేజీల జీవితకథ రాసి పంపాడు గిడియన్.

ఎదుటివైపు ఫ్లోరిడా తరఫున బ్రూస్ జేకబ్ అనే కుర్ర లాయర్. ఆయన ఒక పని చేశాడు. మాకు మద్దతివ్వండని మిగతా రాష్ట్రాలన్నిటికీ లేఖలు రాశాడు. మద్దతిచ్చింది రెండే రెండు రాష్ట్రాలు, అలబామా, నార్త్ కరోలినా. ఆ లేఖ చూసి ఇరవైకి పైగా రాష్ట్రాలు, లేదు, గిడియన్ చెప్పిందే న్యాయం అంటూ కోర్టుకి రాసి ఇచ్చాయి. పాపం అనిపిస్తుంది ఆయన్ని తలుచుకుంటే.

ఫోర్టాస్ వాదనలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇది. అమెరికాలో క్రిమినల్ లాయర్లకే లాయర్ అనదగ్గ క్లారెన్స్ డారో మీద ఒకసారి కేసు పడితే, ఆయన కూడా వేరే లాయర్‌ని పెట్టుకున్నాడట. అంత పెద్దాయనకే తన కేసు తను వాదించుకునే ధైర్యం లేకపోతే, ఎనిమిదో తరగతి చదివినవాడి సంగతేంటి? 1963 మార్చి 18న తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాట మీద నిలబడి తీర్పిచ్చారు. జైలుశిక్ష పడే పెద్ద నేరాల కేసుల్లో డబ్బులేని ముద్దాయికి ప్రభుత్వమే లాయర్‌ని ఇవ్వాలి. ఆ తీర్పు రాసింది హ్యూగో బ్లాక్, 1942లో బెట్స్ కేసులో ఈ మాటే అని ఓడిపోయిన జడ్జి. ఇరవై ఒక్క ఏళ్ళు ఆగాల్సి వచ్చింది ఆయన.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. నిజానికి అసలు విషయం దీని తర్వాతే ఉంది. గెలిచాక గిడియన్ విడుదల కాలేదు. మళ్ళీ విచారణ అంతే, ఈసారి లాయర్‌తో. 1963 ఆగస్టు 5, అదే ఊరు, అదే జడ్జి. మయామి నుంచి పేరున్న లాయర్లు ఊరికే వాదిస్తామని వస్తే గిడియన్ వద్దన్నాడు, నాకు ఇక్కడి ఫ్రెడ్ టర్నరే కావాలన్నాడు. మొండివాడు. కానీ సరిగ్గా ఎంచుకున్నాడు. టర్నర్ ముందు ఊరంతా తిరిగి సాక్షుల గురించి ఆరా తీశాడు. కోర్టులో కుక్‌ని అదే పాత ప్రశ్న అడిగాడు, కానీ వదల్లేదు. కారు దొంగతనం కేసులో కుక్ నేరం ఒప్పుకున్న సంగతి బయటికొచ్చింది. ఆ రాత్రి అసలు దొంగలకి కాపలా కాసింది ఈ కుక్కేనేమో అన్న అనుమానం జ్యూరీలో నాటాడు. తర్వాత టాక్సీ డ్రైవర్. ఎవరికీ చెప్పొద్దని గిడియన్ అన్నాడు కదా, అంతకుముందెప్పుడైనా అలా అన్నాడా అని అడిగాడు టర్నర్. ఓ, ఎక్కించుకున్న ప్రతిసారీ అంటాడు, ఇంట్లో భార్యతో గొడవలు కదా అన్నాడు డ్రైవర్.

అంతే. రెండేళ్ళ క్రితం గిడియన్‌ని జైలుకి పంపిన మాట అది. ఒక్క ప్రశ్నతో గాలికి పోయింది. డ్రైవర్ అప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. అప్పుడు ఆ తర్వాతి ప్రశ్న అడిగేవాడు లేడు. గంటసేపట్లో జ్యూరీ బయటికొచ్చి నిర్దోషి అంది.

ఆ తీర్పు వల్ల ఒక్క ఫ్లోరిడాలోనే దాదాపు 2000 మంది ఖైదీలు బయటికొచ్చారంటారు. పేదల తరఫున వాదించే ప్రభుత్వ లాయర్ల వ్యవస్థ ఆ రాష్ట్రంలో అదే ఏడాది మొదలైంది. అంతా బాగైపోయిందని అనుకోకండి. ఒక్కో ప్రభుత్వ లాయర్ నెత్తిన మోయలేనన్ని కేసులుంటాయని అక్కడివాళ్ళు ఇప్పటికీ మొత్తుకుంటారు. ఇల్లు ఖాళీ చేయించడం, విడాకులు, అప్పులు లాంటి సివిల్ తగాదాలకి ఈ తీర్పు వర్తించదు. అది వేరే దేశాలు వేరే దారిలో చూసుకున్నాయి. ఇంగ్లండ్ 1949లోనే న్యాయ సహాయానికి చట్టం చేసింది. ఐర్లండ్‌లో ఒకావిడ, భర్త నుంచి వేరుపడటానికి కోర్టుకెళ్ళే స్తోమత లేక యూరప్ మానవ హక్కుల కోర్టుదాకా వెళ్ళి 1979లో గెలిచింది.

మరి మన దగ్గర? ఇది వెతుకుతుంటే మన హైదరాబాద్ పేరే కనపడింది. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత, తెలంగాణ సాయుధ పోరాటంలో పట్టుబడినవాళ్ళని స్పెషల్ ట్రైబ్యునళ్ళు పెట్టి విచారించారు. ఉరిశిక్ష పడినవాళ్ళు కొందరు, మాకు లాయర్‌ని పెట్టుకునే అవకాశమే ఇవ్వలేదని సుప్రీంకోర్టుకి వెళ్ళారు. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం, 1951. లాయర్ లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని కోర్టు వాళ్ళ అర్జీలు కొట్టేసింది. అదే ఏడాది తారాసింగ్ కేసులో ఇంకో మాట చెప్పింది. లాయర్ కావాలనుకుంటే అడగాల్సింది ముద్దాయే, ప్రభుత్వం తెచ్చిపెట్టాల్సిన పని లేదు.

1976లో రాజ్యాంగంలోకి 39ఎ వచ్చింది. 1978లో హోస్కోట్ కేసు. ఇది మనకి నవ్వొచ్చే కేసు, ముద్దాయి యూనివర్సిటీ రీడర్, నేరం దొంగ డిగ్రీ సర్టిఫికెట్లు తయారు చేయబోవడం! ఆ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గిడియన్‌ని తలుచుకున్నారు, ఖైదీకి ఉచితంగా లాయర్‌ని ఇవ్వాల్సిందే అన్నారు. మరుసటి ఏడాది బీహార్ జైళ్ళలో విచారణే లేకుండా ఏళ్ళకేళ్ళు మగ్గుతున్నవాళ్ళ కేసులో, హుస్సేనారా ఖాతూన్ కేసులో, జస్టిస్ భగవతి ఇది జీవించే హక్కులో భాగమే అన్నారు.

అయినా ఒక ముడి మిగిలింది. అడగనివాడి సంగతి? 1981లో భాగల్‌పూర్ కేసులో, పోలీసులు కళ్ళు పోగొట్టిన ఖైదీలకి లాయర్‌ని ఎందుకివ్వలేదంటే, వాళ్ళు అడగలేదు కాబట్టి ఇవ్వలేదని తేలింది. అడగడానికి హక్కుందని తెలియాలి కదా, తెలియజేయడం మేజిస్ట్రేట్ పనే అంది సుప్రీంకోర్టు. 1986లో అరుణాచల్‌లో ఒక ఉద్యోగి, సుక్ దాస్, అసిస్టెంట్ ఇంజనీర్‌ని బెదిరించాడన్న కేసులో లాయర్ లేకుండా శిక్ష పడ్డవాడు. అడగకపోయినా సరే, హక్కు ఉన్నట్టే అని చెప్పి శిక్ష రద్దు చేశారు. గిడియన్ అడిగాడు కాబట్టి గెలిచాడు. ఈ విషయంలో మన కోర్టు అడగనివాడి దాకా వెళ్ళింది, కాగితం మీద.

ఇప్పుడు మా మావయ్య సంగతి. ఆయనకి ట్రాలీ ఆటో ఉంది. ఒక రాత్రి ఎవరో ఇద్దరు బస్తాలు తోలాలని కిరాయికి పిలిచారు. దారిలో పోలీసులు ఆపితే ఆ ఇద్దరూ పారిపోయారు, మావయ్య దొరికాడు. బస్తాల్లో ఉన్నది పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి తీసిన రాగి తీగ. అప్పుడు నేను ఇక్కడ ల్యాబ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ టెస్టుల రికార్డు రాసుకుంటున్నా. కోర్టులో నీకు లాయర్ ఉన్నాడా అని అడిగితే మావయ్య తలూపాడట. ఎందుకు అలా అన్నావని తర్వాత అడిగాను. లేడంటే దిక్కులేనివాణ్ణని అనుకుంటారు, పరువు పోతుందనుకున్నా అన్నాడు.

అలా తలూపినందుకు నలభై ఏడు రోజులు. ప్రతి వాయిదాకీ రిమాండ్ పొడిగించడమే. అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఒక లాయర్‌కి డబ్బిస్తే ఆయన రెండు వాయిదాలకి రాలేదు. అమ్మ, అత్త వారాల తరబడి కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద కూర్చునేవాళ్ళు. ఒకరోజు అక్కడ టీ అమ్మే ఆవిడ, మీరింకా ఆ గదిలోకి వెళ్ళలేదా అని చూపించింది. చెట్టుకి ఇరవై అడుగుల దూరంలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు. బోర్డు కూడా ఉంది. జైల్లో ఉన్నవాడికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 చట్టంలో ఉంది. అమ్మ అక్కడ కాగితం మీద సంతకం పెట్టిన ఎనిమిదో రోజుకి బెయిల్ వచ్చింది. 15100కి ఫోన్ చేసినా చెప్తారని నాకు ఆ తర్వాత తెలిసింది. మీ ఫోన్లలో సేవ్ చేసుకోండి, మీకోసం కాకపోయినా.

గిడియన్ విడుదలయ్యాక పెద్దగా ఏమీ మారలేదు. చిన్న చిన్న పనులు చేసుకున్నాడు, ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, మళ్ళీ పెద్ద కేసుల్లో ఇరుక్కోలేదు. 1972 జనవరి 18న ఫోర్ట్ లాడర్‌డేల్‌లో పోయాడు, అరవై ఒక్క ఏళ్ళకి. హానిబల్‌లో పాతిపెట్టారు. చాలా ఏళ్ళు ఆ సమాధికి పేరున్న రాయి కూడా లేదు, తర్వాత పౌర హక్కుల సంఘం వాళ్ళు పెట్టించారు. అతని మీద ఆంథొనీ లూయిస్ పుస్తకం రాశాడు, 1980లో హెన్రీ ఫోండా సినిమా వచ్చింది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఈ కథంతా మావయ్యకి చెప్పాను. ఫోన్‌లో ఆ పెన్సిల్ కాగితం కూడా చూపించాను. రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాడు. ఎంతవరకు చదివాడు అతను అని అడిగాడు. ఎనిమిది అన్నాను. నేను నాలుగుతో మానేశా కదే బుజ్జీ అని ఫోన్ ఇచ్చేసి, కిరాయి ఉందని ఆటో తీశాడు. కేసు ఇంకా నడుస్తోంది. వచ్చే వాయిదా మా మిడ్ ఎగ్జామ్స్ వారంలో పడింది.